మందో, పిండో

"నా కొడుక్కు మందని చెప్పి పిండి ఇచ్చినవా అక్కా?"

వనపర్తి దవాఖానలో పిల్లల వార్డు బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. శ్రవణ్ కుమార్‌కు ఆ పట్టింపు లేదు. మొన్నటి చొక్కా ఇంకా మార్చలేదు. గడ్డం పెరిగింది.

పద్మజ చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. తమ్ముడికీ, మరదలు యమునకూ ఇంట్లో వండి తెచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.

"మెల్లగ మాట్లాడు తమ్మీ. లోపట పిల్లలు పండుకున్నరు."

"నా పిలగాడు పండుకోలె. ముక్కుకు గొట్టం పెట్టిండ్రు. పొయ్యి సూడు."

"సూసే వస్తున్న. ఇప్పుడు నయమే అన్నరు గదా."

"నయమా!" శ్రవణ్ నవ్వాడు. ఆ నవ్వు చూసి పద్మజకు భయమేసింది.

మొన్న పొద్దున పాన్‌గల్‌లోని ఇంట్లో వాళ్ల తల్లి భాగ్యమ్మ ఎనిమిది నెలల మనవడి నోట్లో చిన్న ఇడ్లీ ముక్క పెట్టింది. దానికి కాస్త పల్లి పచ్చడి అంటుకుని ఉంది. పావుగంట గడవక ముందే పిల్లవాడి పెదాలు ఉబ్బాయి. ఒంటి నిండా దద్దుర్లు లేచాయి. ఊపిరి అందక ఏడుపు కూడా ఆగిపోయింది. పాన్‌గల్ దవాఖానలో తొడకు ఇంజెక్షన్ ఇచ్చాక గాని గొంతు పెగల్లేదు. అక్కడి నుంచి అంబులెన్సులో ఇక్కడికి తెచ్చారు. పల్లి పడదు, అలర్జీ అన్నారు డాక్టర్లు.

పల్లికాయ పంట మీద బతికే ఇల్లు అది.

శ్రవణ్ కోపం పల్లి మీద కాదు. పొడి మీద. యమునకు ఏడో నెల వచ్చినప్పటి నుంచి, పిల్లవాడు పుట్టి ఆరు నెలలు నిండేదాకా, ప్రతి సోమవారం పద్మజ తెచ్చి ఇచ్చిన పొడి పొట్లాల మీద.

హైదరాబాద్ నుంచి వచ్చిన పరిశోధన సంస్థ ఒకటి ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఒక పరీక్ష చేస్తోంది. మొదటి బిడ్డకు అలర్జీ ఉన్న తల్లులకు ప్రోబయాటిక్, ప్రీబయాటిక్ కలిపిన పొడి ఇస్తే రెండో బిడ్డకు అది రాకుండా ఉంటుందా అన్నది తేల్చడం దాని పని. పద్మజ అందులో ఊళ్లు తిరిగే ఉద్యోగి. శ్రవణ్ పెద్దకూతురు సహస్రకు ఆరేళ్లు. పసితనం నుంచి దానికి ఎగ్జిమా. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం పగిలి రక్తం కారేదాకా గోక్కుంటుంది. అందుకే పద్మజ తన పుస్తకంలో మొట్టమొదట యమున పేరే రాసుకుంది.

"సగం మందికి మందంట. సగం మందికి ఉత్త పిండంట. పక్క మంచం పిలగాని నాయిన చెప్తే నాకు నిన్న తెలిసింది. నా సొంత అక్క చెప్పలె."

"చెప్పిన. కాయితం మొత్తం సదివి ఇనిపించిన. ఎవరికి ఏది వస్తదో నాకు గూడ తెల్వదని చెప్పిన. నీ సంతకం ఉన్నది దాని మీద."

"నువ్వు సదివితే ఇన్ననా నేను? నువ్వు తెచ్చినవని పెట్టిన."

అది నిజమే. ఆ రోజు శ్రవణ్ ఫోన్ చూసుకుంటూ సంతకం పెట్టాడు. పద్మజ కూడా చూసీ చూడనట్టు ఊరుకుంది.

"మీ పెద్ద డాక్టరమ్మకు కాయితం రాసిచ్చిన," అన్నాడు శ్రవణ్. "మంచియి నీకు గావల్సినోళ్లకు ఇచ్చి, మాకు పిండి పొట్లాలు పడేసినవని రాసిన."

"తమ్మీ!"

"తేలనీ. అన్నీ తేలుతయి."

వార్డు తలుపు సందులో యమున నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు. పద్మజ ఆమె వైపు తిరిగింది.

"నువ్వన్న చెప్పు యమునా. తొమ్మిది నెలలు నీ చేతికే ఇచ్చిన గదా. ఒక్క సోమవారమన్న తప్పిన్నా?"

యమున ఒక అడుగు వెనక్కి వేసింది.

"పిలగాడు లేస్తడు," అని లోపలికి వెళ్లిపోయింది.

మూడోనాడు పిల్లవాణ్ని ఇంటికి పంపారు. ఇంట్లో పల్లి వాసన కూడా తగలనివ్వొద్దని ఎవరూ చెప్పలేదు. నోటికి తగలనివ్వొద్దని మాత్రమే చెప్పారు. అయినా శ్రవణ్ తండ్రి కిష్టయ్య ఎవరితోనూ మాట్లాడకుండా పొద్దున్నుంచి హాల్లోని పల్లికాయ బస్తాలు ఒక్కొక్కటే భుజాన వేసుకుని పశువుల కొట్టంలోకి మోస్తున్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి. సాయం పట్టబోయిన కొడుకును చేత్తో పక్కకు నెట్టాడు.

భాగ్యమ్మ వాకిట్లో నల్లా దగ్గర చేతులు కడుక్కుంటోంది. పొద్దున్నుంచి అది ఎన్నోసారో.

పన్నెండున్నరకు సహస్ర ఒంటిపూట బడి నుంచి వచ్చింది. దాని వెనకే జీపు ఆగింది. పరీక్ష చూసే డాక్టర్ మెహరున్నిసా దిగింది. వెనక సీట్లోంచి పద్మజ దిగింది, తన పుట్టింటికి పరాయి మనిషిలా.

డాక్టర్ కుర్చీలో కూర్చుని సంచిలోంచి అంటించి ఉన్న ఒక కవరు తీసింది.

"శ్రవణ్ గారూ, మీరు రాసింది చదివినం. మామూలుగా ఇది పరీక్ష అయిపోయేదాకా తెరవం. పిల్లగాడికి ఇంత కష్టం వచ్చింది కాబట్టి తెరవడానికి పైవాళ్లు ఒప్పుకున్నరు."

శ్రవణ్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. భాగ్యమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడప మీద కూర్చుంది. యమున ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడింది. పిల్లవాడు నిద్రపోతున్నాడు. పెదవి మీద వాపు ఇంకా పూర్తిగా దిగలేదు.

డాక్టర్ కవరు అంచు చింపింది. లోపలి కాగితం రెండుసార్లు చదివింది.

"మందే. మీ ఇంటికి రాసినవన్నీ అసలు పొట్లాలే."

పద్మజ కళ్లు మూసుకుంది.

"మందైతే మరి గిట్లెందుకైంది?" శ్రవణ్ అడిగాడు.

"అది నేను చెప్పలేను. పాలల్ల తోడు వేస్తరు గదా, అట్లాంటిదే ఈ పొడి. కడుపుల మేలు చేసే సూక్ష్మజీవులుంటయి ఇందులో, అవి పెరగనీకి కావల్సిన మేతా ఉంటది. కొన్ని చోట్ల ఇట్ల ఇస్తే చంటిపిల్లలకు చర్మం దురద కొంత తగ్గింది. కొన్ని చోట్ల ఏం తేడా కనపడలే. తిండి అలర్జీ ఆగుతదని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. తేలలేదు గనకనే ఈ పరీక్ష."

"తేలని దానికి మా కోడలి కడుపే దొరికిందా మీకు?" అంది భాగ్యమ్మ. "ఆ పురుగుల పొడి వద్దని నేను మొత్తుకున్న. నా బిడ్డనే తెచ్చిందని నోరు మూసుకున్న."

"పొడి వల్ల ఇది వచ్చిందనడానికి కూడా ఏ ఆధారం లేదమ్మా."

శ్రవణ్ గోడ నుంచి ముందుకు వచ్చాడు. "కవర్ల మందని రాసుంటే ఏమాయె మేడమ్? ఆ మందు మా ఇంటిదాంక వచ్చిందో లేదో ఎవలు సూసిండ్రు? తెచ్చేది మా అక్కనే. నడుమల మార్చింది."

"శ్రవణ్!" పద్మజ అతని వైపు తిరిగింది. "నేను నీ అక్కనురా."

"అందుకే నమ్మిన."

డాక్టర్ కాగితం మడిచింది.

"ఇది చాలా పెద్ద మాట. మీరు దీని మీదనే ఉంటే విచారణ పెట్టాలె. అది అయ్యేదాకా పద్మజను పనిలోంచి తీసెయ్యాలె. ఆలోచించుకోండి."

"ఆలోచించేది లేదు."

పద్మజ ఎవరి వైపూ చూడకుండా గబగబా చెప్పుకుపోయింది. "ప్రతి సోమవారం ఏడు పొట్లాలు ఇచ్చిన మేడమ్. ఏడు ఖాళీ పొట్లాలు తీస్కున్న. ముప్పైతొమ్మిది వారాలు. అన్నీ రిజిస్టర్ల ఉన్నయి. ఒక్కటి తక్కువ రాలే. యమునను అడుగుండ్రి."

డాక్టర్ యమున వైపు తిరిగింది. "చెప్పమ్మా. రోజూ తాగినవా?"

ఉయ్యాల ఆగిపోయింది.

పద్మజ భర్త బాలస్వామి లారీ మీది నుంచి పడి నడుము విరిగి నాలుగేళ్లుగా మంచంలో ఉన్నాడు. కొత్తకోటలో ఆ ఇల్లు నడిచేది వదిన జీతం మీదే అని యమునకు తెలుసు. వదిన పని పోతే ఏమవుతుందో తెలుసు. తను నోరు తెరిస్తే ఈ ఇంట్లో ఏమవుతుందో కూడా తెలుసు. దవాఖానలో మూడు రోజులు ఈ రెండిటి మధ్యే కూర్చుంది.

"తాగలేదు మేడమ్."

యమున ఉయ్యాల వైపు చూసింది.

"మొదటి వారం తాగిన. ఆ తర్వాత సహస్రకు పెట్టిన."

"ఏందే?" అన్నాడు శ్రవణ్, సరిగ్గా వినపడనట్టు.

"సహస్రకు పెట్టిన," అంది యమున మళ్లీ. ఒకసారి బయటపడ్డాక మాట ఆగలేదు. "బళ్లె దాన్ని ఒక్కదాన్నే ఎనక కూసోబెట్టిండ్రు. గజ్జి పిల్ల అని ఎవ్వరు దగ్గరికి రానీయలె. సాయంత్రం ఇంటికొస్తే గౌను చేతులు రక్తంతోటి అతుక్కుపోయి ఉంటుండె. నీళ్లు పోసి ఊడదీస్తుంటి. నీకు తెల్వదు, నువ్వు పొలం కాడ ఉంటివి. పుట్టబోయేటోనికి ఏమైతదో తెల్వదు. పుట్టింది నా కండ్ల ముంగట గోక్కుంటుండె. లోపటోనికి పనిచేసేది దీనికి చెయ్యదా అనుకున్న. పెరుగన్నంల కలిపి పెట్టిన."

"ఎన్ని రోజులు?" డాక్టర్ అడిగింది.

"పొట్లాలు అయిపోయేదాంక."

"తగ్గిందా?"

"తగ్గింది మేడమ్." యమున ముఖంలోకి ఒక్క క్షణం ఏదో వెలుతురు వచ్చింది. "ఇప్పుడు బళ్లె దాని పక్కన ఒక పిల్ల కూసుంటుంది."

డాక్టర్ తల అడ్డంగా ఊపింది. "వయసు పెరుగుతుంటే కొందరికి దానంతట అదే తగ్గుతది. వానాకాలంల తగ్గుతది. పొడి వల్లనే అని నేను అనలేను. అట్లనే, నువ్వు తాగుంటే చిన్నోనికి ఇట్ల కాకపోతుండె అని కూడా ఎవరూ అనలేరు. తాగినా అయ్యేదేమో."

యమున ముఖం మళ్లీ ఆరిపోయింది. ఆ తొమ్మిది నెలల్లో ఒకరికైనా మేలు చేశానన్న ధైర్యం ఒక్కటే ఆమెకు ఇంతదాకా మిగిలింది. ఇప్పుడది కూడా లేదు.

శ్రవణ్ చెవిలో మాత్రం 'నువ్వు తాగుంటే' అన్న రెండు మాటలే పడ్డాయి.

"వారం వారం ఖాళీ పొట్లాలు దులిపి నా చేతుల పెట్టినవ్," అంది పద్మజ నెమ్మదిగా. "నా మొకం సూసుకుంట."

"వదినా..."

"దవాఖానల గూడ నిన్నడిగిన. పిలగాడు లేస్తడు అని పోయినవ్."

డాక్టర్ పద్మజ చేతిలోని రిజిస్టరు తీసుకుని పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది.

"సోమవారం పొట్లం నీ ముందరనే కలుపుకొని తాగాలె గదా పద్మజా. అది నియమం. ఇక్కడ ప్రతి వారం 'నా ఎదుట తాగింది' అని నీ సంతకం ఉంది."

పద్మజ ఆ పేజీ వైపు చూసింది.

"మా తమ్ముని ఇల్లని..." అంది. "ఇంత చాయ్ తాగి, పిల్లను జరసేపు ఆడించి, తర్వాత తాగుతదిలే అని సంతకం చేస్తుంటి."

"అన్ని వారాలా?"

పద్మజ తల వంచుకుంది.

"నీ సంచి కూడా ఇచ్చెయ్యి. రేపటి నుంచి రావద్దు. మిగతాది ఆఫీసు నుంచి కాయితం వస్తది."

యమున ఉయ్యాల వదిలేసి డాక్టర్‌కు అడ్డంగా వచ్చింది. "తప్పు నాది మేడమ్! వదిన పని పోవద్దనే గదా నేను చెప్పింది. నన్ను ఏమన్న చెయ్యుండ్రి."

"నిన్ను మేం ఏం చెయ్యగలం అమ్మా? నీ మీద మాకు ఏ అధికారం లేదు. ఆమె మీద ఉంది."

జీపు వెళ్లిపోయింది. పద్మజను ఎక్కమని డాక్టర్ అనలేదు. ఆమె కూడా అడగలేదు. వాకిట్లోకి వెళ్లి నల్లా పక్కన రాయి మీద కూర్చుంది.

లోపల మొదట భాగ్యమ్మే నోరు విప్పింది.

"ఆడిపిల్లకు దాచి పెట్టి, మొగపిలగాని నోట్ల మన్ను కొడితివి గదనే."

యమున తిరిగి చూసింది. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో అత్తకు ఎదురు మాట్లాడింది లేదు.

"పల్లి పచ్చడి పెట్టిన చెయ్యి ఎవరిది అత్తా?"

భాగ్యమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది. ఆ చేతిని మెల్లగా కొంగు కిందికి తీసుకుంది.

ఆఖరి బస్తా ఎత్తబోతున్న కిష్టయ్య దాన్ని అక్కడే దించేశాడు. "ఇంకేమన్న అనేటియి మిగిలినయా ఈ ఇంట్ల?" అన్నాడు. బస్తాను అలాగే వదిలి ఆయన పొలం దారి పట్టాడు.

శ్రవణ్ భార్య వైపు చూడకుండా మాట్లాడాడు.

"రేపు లింగాల పో. మీ అమ్మకు ఫోన్ చేసి చెప్త. పెద్దదాన్ని తీస్కపో."

"చిన్నోడు?"

"వాడు ఈడనే ఉంటడు."

"పాలు తాగే పిలగాడు."

"డబ్బా పాలు పడతం. డాక్టర్‌ను అడిగి ఏది పడితే అది పడతం."

"నేను వాన్ని సంపనీకె సూసిన్నా?" యమున గొంతు లేచింది. "నాకు ఇద్దరు పిల్లలు. ఒకదాని చర్మం నా చేతుల్ల ఊడొస్తుంటే..."

"ఆ మాట నాకెందుకు చెప్పలె?"

"చెప్తే ఏం జేస్తుంటివి?"

శ్రవణ్ ఉయ్యాలలోంచి పిల్లవాణ్ని ఎత్తి తన తల్లి ఒడిలో పెట్టాడు. భాగ్యమ్మ ఎడమచేత్తో పొదువుకుంది.

యమున వాకిట్లోకి వచ్చింది. ఎండ చురుక్కుమంటోంది. పద్మజ రాయి మీద నుంచి లేచి చీర దులుపుకుంటోంది.

"వదినా, బాలస్వామన్నకు నేను చెప్త. కొత్తకోటకు వచ్చి కాళ్లు పట్టుకుంట."

"నడుం లేనోడు ఆయన. ఆయన కాళ్లు పట్టుకుంటే నాకు ఉద్యోగం వస్తదా?"

"నువ్వు గూడ గట్లంటే నేనెట్ల..."

"నాకు ఒక్కమాట చెప్పుంటే సాలు. దానికి పెడుతున్న వదినా అని. నేనే ఏదో ఒక డాక్టర్ దగ్గర అడిగి దానికి గూడ తెచ్చిస్తుంటి. నా మేనకోడలు గాదా అది?"

యమున నేల చూసింది. ఆ మాట ఆమెకు ఏ రోజూ తోచలేదు. అడగడం అన్నదే తోచలేదు.

కొట్టం పక్క నుంచి సహస్ర వచ్చింది. ఇంకా బడి బట్టల్లోనే ఉంది. అన్నం తినమని దాన్ని ఎవరూ పిలవలేదు. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"అమ్మా, తమ్ముని మందు నేను తిన్ననా?"

యమున కూతురి ముఖంలోకి చూడలేకపోయింది.

"నేను తింటేనే వానికి అట్లయిందా?"

పద్మజ రెండడుగులు వేసి పిల్ల ముందు కూర్చుంది. దాని చేతులు రెండూ ముందుకు తీసుకుంది. మోచేతుల మడతల్లో చర్మం ఇంకా మందంగా, నల్లగా ఉంది. పుండ్లు మాత్రం లేవు.

"లేదు బిడ్డా. అది నీ మందే. నీకోసమే తెచ్చిన."

"నిజంగనా అత్తా?"

"నేనే గదా తెచ్చేది. నాకు తెల్వదా?"

సహస్ర ఆమె కళ్లలోకి చూసి, నమ్మి, తల ఊపింది. పద్మజ దాని జుట్టు సవరించి లేచింది.

యమున చేతులు జోడించబోయింది. "వదినా, నువ్వు..."

"దానికి చెప్పిన," అంది పద్మజ. "నీకు గాదు."

కొంగు తల మీదికి లాక్కుని బస్సుల రోడ్డు వైపు నడిచింది. వెనక్కి చూడలేదు.

లోపల చిన్నవాడు లేచాడు. ముందు సన్నగా, తర్వాత గుక్కపట్టి, పాల కోసం ఏడుస్తున్నాడు. యమున రవిక తడిసింది. ఆమె సహస్ర చెయ్యి పట్టుకుని గబగబా మెట్లెక్కి తలుపు తోసింది.

తలుపు తెరుచుకోలేదు. లోపల గడియ పెట్టి ఉంది.